పీఎంఆర్ నుంచి పూర్తిగా బయటపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జడ_వేసుకోలేను
భుజాలూ తుంటీ బిగుసుకుపోయే ఈ పీఎంఆర్ జబ్బు నాకు మొదలై రెండేళ్ల మూడు నెలలైంది. మొదట్లో డాక్టరు గారు "పాలీమయాల్జియా రుమాటికా అంటే పేరు చూసి భయపడకండమ్మా, ఏడాదిలో మాత్ర మానేయవచ్చు" అన్నారు. ఆ మాట పట్టుకుని క్యాలెండరులో గళ్లు కొట్టుకుంటూ కూర్చున్నాను. 15 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో మొదలుపెట్టి, నడుమ రెండుసార్లు వెనక్కి వెళ్లి, చివరికి 4కి దిగాను. పోయిన నెల ఒక పొద్దున లేవబోతే మళ్లీ అదే. పక్కకు దొర్లడానికి మంచం కోడు పట్టుకుని ఒళ్లు లాక్కోవలసి వచ్చింది. రెండు భుజాల్లోనూ, తొడల పైభాగాల్లోనూ రాత్రికి రాత్రి ఎవరో సిమెంటు పోసి వెళ్లినట్టు ఉంది. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ పెరిగి 38. మళ్లీ 10కి ఎక్కించారు. ఇది మూడోసారి తిరగబెట్టడం.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు 64. చేతులు వెనక్కి పోక జడ అల్లుకోలేకపోయేదాన్ని. తొమ్మిదేళ్ల మనవరాలు వేసేది, పక్కకు వంకరగా. ఎముకల డాక్టరు దగ్గర మూడు నెలలు తిరిగాను. మెడ ఎక్స్‌రే, భుజానికి సూది, నొప్పి మాత్రలు, అన్నీ అయ్యాయి. చివరికి కీళ్లవాతం డాక్టరు అలాంటిదే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ 86 ఉండటం చూసి మాత్ర రాసి, "రేపు సాయంత్రం ఎలా ఉందో ఫోను చేయండి" అన్నారు. మూడో రోజు పొద్దున వాకిట్లో వంగి చుక్కలు పెట్టి మెలిక ముగ్గు వేశాను. మావారు గుమ్మంలో నిలబడి మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయారు.

అంత బాగుపడ్డాక మళ్లీ ఇక్కడికే వచ్చాను కాబట్టి అడుగుతున్నాను. మాత్ర లేకుండా, నొప్పి లేకుండా ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా? ఓదార్పు వద్దు. ఉంటే ఉన్నారనండి, లేకపోతే లేరనండి.

లెక్కల_మాస్టారు
ఉన్నాను. మాత్ర మానేసి నాలుగేళ్లు దాటింది. మానడానికి మూడేళ్ల ఐదు నెలలు పట్టింది. వివరాలు రాత్రి రాస్తాను, నోటుబుక్కు అటక మీద ఉంది.

సన్నజాజి
అటక ఎక్కి తీస్తున్నారంటేనే సగం జవాబు వచ్చేసింది మాస్టారూ.

మూడో_కప్పు_కాఫీ
ఈ జబ్బు పేరే మొదటిసారి వింటున్నాను. ఇదీ కీళ్లవాతమేనా? మా నాన్నకు చికున్‌గున్యా తర్వాత ఇలాగే పొద్దున బిగుసుకుపోయేది.

లీడ్స్_చలి
@మూడో_కప్పు_కాఫీ చుట్టరికం ఉంది కానీ ఒకటి కాదు. 50 దాటాక వస్తుంది, ఎక్కువగా 70ల్లో. ఆడవాళ్లకు మగవాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న వాళ్లలో బాగా సాధారణం. అందుకే నేనుండే ఇంగ్లండులో వీధి చివరి డాక్టరు కూడా భుజాలు ఎత్తమనగానే పోల్చుకున్నారు. మన దగ్గర తక్కువ కాబట్టి ఆ ఆలోచనే త్వరగా రాదు. అరుగుదల అనో, మెడ నరం అనో, షుగరు ఉంటే "భుజం పట్టేసింది" అనో సరిపెడతారు.

పేరులో కండరం ఉంది కానీ దొంగ కండరంలో లేడు. వాపు ఉండేది భుజం, తుంటి కీళ్ల చుట్టూ ఉండే పొరల్లో, చిన్న సంచుల్లో. అందుకే కండరం దెబ్బతింటే పెరిగే సీకే పరీక్ష మామూలుగా ఉంటుంది.

ఆకు_పసరు
నేను ఓదార్పు చెప్పను, నిజం చెబుతాను. స్టెరాయిడ్ వేసుకున్నంత కాలం ఈ జబ్బు పోదు. నేనూ ఆరు నెలలు మింగి ఒకరోజు డబ్బా తీసి కాలవలో విసిరేశాను. నెల రోజులు నరకం చూశాను. తర్వాత తెలిసినవాళ్లు చెబితే ఒకచోట ఇచ్చే పొడి తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో నొప్పి మాయం. పది నెలలుగా అదే. బ్రహ్మాండంగా ఉన్నాను, ఒళ్లు కూడా చేశాను.

మందుల_కొట్టు
@ఆకు_పసరు ఏమీ అనుకోకుండా జవాబు చెప్పండి. ముఖం గుండ్రంగా అయిందా? ఆకలి పెరిగిందా? రాత్రి రెండింటికి మెలకువ వస్తోందా? చేతి మీద చిన్న దెబ్బకే నల్లగా కములుతోందా?

ఆకు_పసరు
ముఖం నిండుగా అయింది. కళ వచ్చిందని అందరూ అంటున్నారు. మిగతావి వయసుతో వచ్చేవే.

సన్నజాజి
అయ్యో.

మందుల_కొట్టు
ఇరవై రెండేళ్లుగా కొట్టులో కూర్చుంటున్నాను. పీఎంఆర్ నొప్పిని రెండు రోజుల్లో మాయం చేసే ఆకు నాకు తెలియదు. చేసే మందు ఒకటి తెలుసు, అదే మీరు కాలవలో వేశారు. నాటు పొట్లాల్లో స్టెరాయిడ్ నూరి కలపడం మన దేశంలో కొత్త సంగతి కాదు. మీ పొడిలో ఉందని నేను ప్రమాణం చేయలేను, మీరు చెప్పిన లక్షణాలు మాత్రం దాని సంతకంలా ఉన్నాయి. ఉంటే మీరు మానింది స్టెరాయిడ్ కాదు, డోసు చీటీ. పొడి ఇచ్చే మనిషి రేపు దుకాణం ఎత్తేస్తే మీ ఒళ్లు ఒక్కసారిగా ఆగిపోతుంది. దయచేసి పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, అప్పటిదాకా ఉన్నపళంగా మానకండి.

ఆకు_పసరు
మందుల కొట్టు పెట్టుకున్నవారు ఆకును మెచ్చుకుంటారని నేనూ అనుకోలేదు.

లెక్కల_మాస్టారు
నోటుబుక్కు దొరికింది. బొద్దింకలు అంచులు తిన్నాయి, అంకెలు మిగిలాయి.

2017 డిసెంబరు, నా వయసు 68. 15 మి.గ్రా.తో మొదలు. రెండు నెలల్లో 10కి వచ్చాను, అక్కడిదాకా జారుడుబల్ల. ఆ తర్వాత నెలకు ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గించమన్నారు. 7 దగ్గర మొదటిసారి తిరగబెట్టింది, మళ్లీ 10. రెండోసారి 3 దగ్గర, మళ్లీ 6. రెండోసారి తప్పు నాదే. మనవడి పెళ్లి దగ్గర పడుతోందని, ఫొటోలో బుగ్గలు తగ్గాలని తొందరపడి రెండు మెట్లు ఒకేసారి దిగాను. పెళ్లిలో తలంబ్రాలు వేయడానికి చెయ్యి లేవలేదు. బుగ్గలు మాత్రం ఫొటోలో అలాగే పడ్డాయి.

ఆ తర్వాత 5 నుంచి కిందికి అరమిల్లీగ్రాము చొప్పున, ఒక్కో మెట్టు మీద ఆరు వారాలు. 2021 మేలో ఆఖరి ముక్క. ఇప్పుడు 76. రోజూ గోదావరి గట్టు మీద మూడు కిలోమీటర్లు నడుస్తాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది, దాంట్లో స్టెరాయిడ్ వాటా ఎంతో, వయసు వాటా ఎంతో ఏ లెక్కా తేల్చదు.

అమ్మా, మీరు సూటిగా అడిగారు కాబట్టి అంకెలే చెబుతాను. అనేక పరిశోధనలను కలిపి వేసిన లెక్క ప్రకారం ఏడాది తర్వాత సుమారు ముప్పావు వంతు మంది, రెండేళ్లకు సగం మంది, ఐదేళ్లకు పావు వంతు మంది ఇంకా మాత్ర మీద ఉంటారు. అంటే రెండేళ్ల మూడు నెలలకు మీరున్న చోట ఇంకా బోలెడంత మంది ఉన్నారు. "ఏడాదిలో" అన్నది అదృష్టవంతుల లెక్క.

న్యూజెర్సీ_మంచు
మాస్టారి అంకెలకు చిన్న అభ్యంతరం. అలాంటి పరిశోధనల్లోకి ఎక్కువగా వచ్చేది పెద్ద ఆసుపత్రుల దాకా వెళ్లిన మొండి కేసులు. ఏడాదిన్నరలో చప్పుడు చేయకుండా తగ్గిపోయినవాళ్లు ఏ లెక్కలోనూ పడరు, ఇలాంటి వేదికకూ రారు. తగ్గినవాళ్లు ఇక్కడెందుకు కూర్చుంటారు?

లెక్కల_మాస్టారు
నేను కూర్చున్నానుగా. అభ్యంతరం మాత్రం సరైనదే, సగం మార్కులు.

జడ_వేసుకోలేను
మాస్టారు గారూ, మీ తలంబ్రాల ముచ్చట మావారికి చదివి వినిపించాను. రెండేళ్లకు సగం మంది అంటే మనసు తేలికపడింది. ఇన్నాళ్లూ నాదే ఏదో తప్పు అనుకున్నాను. సంక్రాంతి ముందు దుప్పట్లన్నీ ఉతికి మేడ మీద ఆరేశాను, దానివల్లే తిరగబెట్టిందని అమ్మాయి ఇప్పటికీ తిడుతోంది.

లీడ్స్_చలి
దుప్పట్ల వల్ల జబ్బు తిరగబెట్టదు. లోపల మంట ఇంకా ఆరలేదు, 4 దాన్ని అణచడానికి చాలలేదు, అంతే. పని చేస్తే కండరాలు నొప్పి పుడతాయి, అది వేరు.

నడుం_పట్టీ
ఒప్పుకోను. నాకు ప్రతిసారీ ఒళ్లు అలిసిన వారమే తిరగబెట్టేది. పుస్తకంలో లేకపోతే లేదనడమేనా?

లీడ్స్_చలి
లేదనను. అలిసినప్పుడు నొప్పి ఎక్కువ తెలుస్తుంది. నేను చూసుకునే గుర్తు ఇది: పని వల్ల వచ్చిన నొప్పి పని చేసిన చోట ఉండి రెండు మూడు రోజుల్లో పోతుంది. అసలుది రెండు పక్కలా సమానంగా వచ్చి, పొద్దున గంటకు పైగా బిగుసుకుని, సాయంత్రానికి వదిలి, మర్నాడు ఇంకాస్త ఎక్కువగా వస్తుంది.

లెక్కల_మాస్టారు
మూడోది కూడా ఒకటుంది. డోసు తగ్గించిన రెండు మూడు రోజుల్లోనే ఒళ్లంతా నలిగినట్టయి, వారం పది రోజుల్లో దానంతట అదే సర్దుకునేది. ఒళ్లు మాత్రను అడిగే మారాం అది. మొదట్లో దాన్నే జబ్బనుకుని రెండుసార్లు అనవసరంగా డోసు పెంచుకున్నాను.

తిప్పలు_తప్పవు
మా ఆవిడకు వచ్చింది. అందరూ రోగి సంగతి రాస్తున్నారు, రోగి మొగుడి సంగతి ఎవరూ రాయరు. 20 మి.గ్రా. మొదలైన వారం రాత్రి రెండున్నరకు వంటింట్లో గలగలమంటే దొంగ అనుకుని కర్ర పట్టుకుని వెళ్లాను. గూట్లో ఉన్న స్టీలు సామానంతా నేల మీద పరిచి, సైజుల వారీగా పేర్చుకుంటోంది. "నిద్ర రావడం లేదు, మీరూ కూర్చోండి, మూతలు జత చేయండి" అంది. చేశాను. నాలుగింటికి ఇద్దరం ఉప్మా తిన్నాం.

సన్నజాజి
మా ఇంటికి కూడా వారం రోజులు పంపండి, గూళ్లు సర్దించుకుంటాం.

తిప్పలు_తప్పవు
డోసు 8కి దిగింది. ఇప్పుడు మూతలు మళ్లీ ఎక్కడివక్కడే.

చక్కెర_తగ్గాలి
షుగరు ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించండి. పొద్దున మాత్ర వేసుకుంటే పరగడుపు షుగరు దాదాపు మామూలుగానే ఉంటుంది. నేను రోజూ పొద్దున చూసుకుని 118 అని మురిసిపోయేవాడిని. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి నోరెండిపోతుంటే చూసుకున్నాను, 340. స్టెరాయిడ్ తన ప్రతాపం మధ్యాహ్నం నుంచి చూపిస్తుందట. భోజనం తర్వాతిది కూడా చూసుకోండి.

నిడదవోలు_రైలు
రికవరీ గురించి మాట్లాడుకుంటున్నారు, నేను రాసేది మీకు నచ్చకపోవచ్చు. అయినా రాస్తాను.

మా పెద్దమ్మకు 73. పీఎంఆర్ అని తెలిసి మాత్ర వాడుతోంది, 6 మి.గ్రా. దగ్గర ఉంది. భుజాలు బాగానే ఉన్నాయి. పండక్కి జంతికలు చేస్తే రెండు నమిలేసరికి దవడ నొప్పి అని పక్కన పెట్టేసింది. కాసేపు ఆగితే తగ్గేది, మళ్లీ నమిలితే వచ్చేది. అందరం పన్ను అనుకున్నాం. ఒక పన్ను పీకించాం కూడా. దువ్వెన తగిలితే తల మీద నొప్పి అనేది, కొత్త తలనూనె పడలేదనుకున్నాం. తలనొప్పికి మాత్రలు మింగింది. ఇలా మూడు వారాలు. ఒక సాయంత్రం టీవీ చూస్తూ కుడి కంటి ముందు తెర దించినట్టయి రెండు నిమిషాల్లో పోయిందని చెప్పింది. పొద్దున చూద్దాంలే అనుకున్నాం. పొద్దునకు కుడి కన్ను లేదు.

జైంట్ సెల్ ఆర్టరైటిస్. కణతల దగ్గరి రక్తనాళాలు వాచిపోతాయి, కంటికి రక్తం ఆగిపోతుంది. పీఎంఆర్ ఉన్నవాళ్లలో నూటికి పది ఇరవై మందికి ఇది కూడా ఉండవచ్చట. వెంటనే పెద్ద డోసు ఇచ్చారు, ఎడమ కన్ను దక్కింది. పోయిన కన్ను తిరిగి రాలేదు.

పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కాఫీ పోసేటప్పుడు గ్లాసు అంచు వేలితో తడిమి చూసుకుని పోస్తుంది. మీలో ఎవరికైనా కొత్త తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపులో ఏ తేడా వచ్చినా పొద్దునదాకా ఆగకండి. ఆ రాత్రే వెళ్లండి.

జడ_వేసుకోలేను
చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఈ దవడ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను, మావారికీ అమ్మాయికీ కనపడేలా.

నడుం_పట్టీ
నేను కూడా మాత్ర మానేసిన దాన్నే. ఆరేళ్లైంది, పీఎంఆర్ మళ్లీ రాలేదు. ఈఎస్ఆర్ మామూలే. కానీ మాత్ర వాడిన నాలుగేళ్లలో ఎముకల గురించి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ అడగలేదు. సగం నిండిన బకెట్టు ఎత్తాను, నడుములో టప్ మంది. వెన్నుపూస నొక్కుకుపోయింది. కాస్త పొట్టి కూడా అయ్యాను. పూర్తిగా బయటపడ్డావా అంటే ఏం చెప్పను? జబ్బు నుంచి పడ్డాను, మందు నుంచి పడలేదు. మొదటి నెలలోనే ఎముక సాంద్రత పరీక్ష చేయించుకోండి.

మందుల_కొట్టు
@నడుం_పట్టీ అమ్మా, ఇది నేనూ చెప్పాలనుకున్నాను. నెలల తరబడి స్టెరాయిడ్ రాసిన చీటీలు వస్తాయి, పక్కన కాల్షియం, విటమిన్ డి లేకుండా. అడగండని నేనే పంపిస్తాను.

వారానికి ఒకసారి వేసుకునే ఎముకల మాత్ర రాస్తే, పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి అరగంట దాకా పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. లేకపోతే అన్నవాహిక పుండు కావచ్చు. మా ఊళ్లో ఒకాయన మాత్ర వేసుకుని మళ్లీ దుప్పటి కప్పుకుని పడుకునేవారు.

మూడో_కప్పు_కాఫీ
అరగంట కాఫీ లేకుండానా? అసలు జబ్బే నయం.

న్యూజెర్సీ_మంచు
మాస్టారి పద్ధతి మీద నాకు కాస్త తగవు ఉంది. అంత నెమ్మదిగా దిగితే తిరగబెట్టకపోవచ్చు, కానీ మింగిన స్టెరాయిడ్ మొత్తం పెరుగుతుంది. నడుం_పట్టీ గారి వెన్నుపూస దాని ఖరీదే కదా. మా అత్తగారికి రెండుసార్లు తిరగబెట్టగానే ఇక్కడి డాక్టరు మాత్రతో కుస్తీ ఆపి, రెండు వారాలకోసారి వేసుకునే సారిలుమాబ్ సూది మొదలుపెట్టారు. స్టెరాయిడ్ తగ్గించలేకపోతున్న పీఎంఆర్ రోగులకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. నాలుగు నెలల్లో మాత్ర మానేసింది. ధర సంగతి అడగకండి, బీమా లేకపోతే ఇల్లు రాసివ్వాలి. తెల్ల రక్తకణాలు తగ్గుతాయని తరచూ పరీక్షలు.

లెక్కల_మాస్టారు
తగవు కాదది, సరైన ప్రశ్న. నేను తొందరపడ్డప్పుడల్లా మళ్లీ పైకి ఎక్కి ఇంకా ఎక్కువ మింగాను. అందుకని నాకు నెమ్మదే చవక పడింది. అందరికీ పడుతుందని అనను.

లీడ్స్_చలి
సూది కన్నా ముందు మెథోట్రెక్సేట్ ఉంది, చవకైనది. పదే పదే తిరగబెట్టేవాళ్లకు స్టెరాయిడ్ తగ్గించడానికి జత చేస్తారు. నాకు చేశారు, రెండో ఏడాది. అందరికీ పనిచేస్తుందని కాదు, నాకు చేసింది. ఇప్పుడు 2 మి.గ్రా.లో ఉన్నాను.

మందుల_కొట్టు
మెథోట్రెక్సేట్ అనగానే ఒక్క మాట. అది వారానికి ఒకసారి. వారానికి. రోజూ వేసుకుని నోరంతా పూసి రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరిన మనిషిని ఎరుగుదును. మా కొట్లో దాని డబ్బా మీద ఎర్ర పెన్నుతో వారం పేరు రాసి ఇస్తాం. మీరు కూడా రాసుకోండి.

@న్యూజెర్సీ_మంచు అలాంటి సూదులకు ముందు మన దగ్గర టీబీ పరీక్ష తప్పనిసరి. దాగి ఉన్న టీబీ ఉంటే లేచి కూర్చుంటుంది.

తిప్పలు_తప్పవు
ఒక సందేహం. మా ఊరి కొట్లో 5 మి.గ్రా. కన్నా చిన్న మాత్ర లేదన్నారు. 1 చొప్పున తగ్గించమంటే ఎలా? చాకుతో కోస్తే ఒక ముక్క గోడకు తగిలింది, ఇంకొకటి పిల్లి దగ్గరికి పోయింది.

మందుల_కొట్టు
చిన్నవి ఉన్నాయి, అడిగితే తెప్పిస్తారు. దొరక్కపోతే ఒకరోజు 10, ఒకరోజు 7.5 అలా రోజు విడిచి రోజు తగ్గించే పద్ధతి కూడా ఉంది, డాక్టరును అడగండి. పిల్లి ఎలా ఉంది?

తిప్పలు_తప్పవు
రాత్రంతా సామాన్లు సర్దింది.

వేదిక_నిర్వాహకురాలు
పిల్లి దాకా వచ్చాం కాబట్టి గుర్తుచేస్తున్నాను: ఇక్కడ రాసిన డోసులు ఎవరివి వారివి. చూసి అనుకరించకండి. ఆకు_పసరు గారిని వెక్కిరిస్తూ వచ్చిన రెండు జవాబులు తొలగించాను.

జడ_వేసుకోలేను
5 కన్నా తగ్గినప్పటి నుంచి ఉండే నీరసం సంగతి ఎవరైనా చెబుతారా? నొప్పి లేకపోయినా మధ్యాహ్నానికి కూరలు తరగడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అది జబ్బా, మాత్ర తగ్గడమా?

లీడ్స్_చలి
మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారు చేస్తాయి, ఇంచుమించు 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కు సమానంగా. బయటి నుంచి రెండేళ్లు మాత్ర వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. మీరు 5 కన్నా కిందికి వచ్చినప్పుడు తక్కువ పడింది అవి ఇవ్వాలి. లేవడానికి నెలలు పడుతుంది. పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు, అడగండి.

అందుకే ఉన్నపళంగా మానకూడదు. వాంతులు, పెద్ద జ్వరం, ఆపరేషను లాంటివి వస్తే ఆ గ్రంథులు అందుకోలేవు, అప్పుడు డోసు పెంచవలసి రావచ్చు. ఇక్కడ స్టెరాయిడ్ వాడేవాళ్లకు పర్సులో పెట్టుకునే కార్డు ఇస్తారు. మీకు ఇవ్వలేదని ఊరుకోకండి, తెల్ల కాగితం మీద మందు పేరు, డోసు రాసి పర్సులో పెట్టుకోండి.

నడుం_పట్టీ
కాలవలో విసిరిన తర్వాత నెల రోజులు నరకం అన్నారే ఆకు_పసరు గారు, అది ఇదేనేమో.

మూడో_కప్పు_కాఫీ
ఇది వస్తే ఆయుష్షు తగ్గుతుందా? అమ్మ వెనక నుంచి అడగమంటోంది. అమ్మకు భుజాల నొప్పి మొదలైంది, అందుకే ఇక్కడికి వచ్చాను. ఇందాకటి నుంచి జోకులు వేస్తున్నాను కానీ.

న్యూజెర్సీ_మంచు
తగ్గదు. పీఎంఆర్ వల్ల ఆయుష్షు తగ్గదనే పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మకు 50 దాటిందా? రెండు భుజాలూనా? పొద్దున ఎంతసేపు బిగుస్తోంది?

మూడో_కప్పు_కాఫీ
61. రెండూ. తొమ్మిదింటిదాకా రవిక హుక్కులు పెట్టుకోలేకపోతోంది.

లీడ్స్_చలి
ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయించి రుమటాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్, విటమిన్ డి, సీకే కూడా. కొలెస్టరాల్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, అది కూడా కండరాల నొప్పి తెస్తుంది. స్టెరాయిడ్‌కు తగ్గింది కాబట్టి ఇదేనని కూడా తేల్చుకోవద్దు, దానికి చాలా జబ్బులు తాత్కాలికంగా తలవంచుతాయి. మా వీధిలో ఒకావిడకు ఏడాది పీఎంఆర్ అనుకున్నాక వేళ్ల కణుపులు వాచి, రుమటాయిడ్ అని తేలింది.

ఆకు_పసరు
పదకొండు రోజులైంది, మీరంతా మరిచిపోయి ఉంటారు. మా అబ్బాయి ఈ చర్చ చదివి నన్ను కారెక్కించాడు. పొడి పొట్లం కూడా పట్టుకెళ్లాం. డాక్టరు ముఖం చూడగానే నవ్వారు, నాకు నచ్చలేదు. పొద్దున కార్టిసాల్ బాగా తక్కువ. బీపీ 170. పొడిలో ఏముందో తేల్చే పరీక్ష అక్కడ లేదు, కానీ ఆయనకు అనుమానం లేదు. పొడి ఆపించి, దాని బదులు లెక్క తెలిసిన మాత్ర ఇచ్చి అక్కడి నుంచి తగ్గించుకుంటూ వస్తామన్నారు. అంటే కాలవలో వేసిందే మళ్లీ కొన్నాను.

మందుల_కొట్టు గారూ, మీ నాలుగు ప్రశ్నల్లో నాలుగూ అవునే. ఆ రోజు మూడు దాచాను.

మందుల_కొట్టు
మీరు వెళ్లారు, అది చాలు. కళ తగ్గుతోంది అని ఎవరైనా అంటే సంతోషించండి.

మూడో_కప్పు_కాఫీ
అమ్మ ఈఎస్ఆర్ 72. వచ్చే బుధవారం డాక్టరు. దవడ, కళ్లు అడిగాను, ఏమీ లేదంది. రెండుసార్లు అడిగాను.

జడ_వేసుకోలేను
నిన్న నా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. ఈసారి చీటీ మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాను, ఆవిడ చీటీ తీసుకుని ఒక్కొక్కటి టిక్కు పెట్టారు. ఎముక సాంద్రత తక్కువే, వారం మాత్ర మొదలైంది, మంగళవారం. మెథోట్రెక్సేట్ కూడా మొదలు, శుక్రవారం, డబ్బా మీద ఎర్ర పెన్నుతో రాశాను. సీఆర్‌పీ 6కి వచ్చింది. 10లో ఇంకో రెండు వారాలు, తర్వాత నెలకు ఒకటి. "ఎప్పటికి మానేస్తాను?" అని అడగలేదు. అడగబోయి ఆగాను. ఆవిడే "ఈసారి తేదీ చెప్పను" అన్నారు.

కుడి చెయ్యి ఇంకా అటక అందుకోవడం లేదు. అటక మీది సామానే కిందికి దింపించాను. జడ మాత్రం నేనే వేసుకుంటున్నాను, పక్కకు తెచ్చి. మనవరాలికి నచ్చలేదు, తన ఉద్యోగం పోయిందట.

మాస్టారు గారూ, మీలాగే నోటుబుక్కు కొన్నాను.

లెక్కల_మాస్టారు
సంతోషం. ఎన్ని పేజీలది?

జడ_వేసుకోలేను
కొట్లో 200 పేజీలది ఇవ్వబోయాడు. 96 చాలన్నాను.